బహ్రెయిన్‌లో తక్కువ బడ్జెట్‌లో పాత ఫోర్ బై ఫోర్ కొనేవారికి: చూడాల్సినవి, అడగాల్సినవి

2024 అక్టోబర్‌లో మేము 1,400 దినార్లు పెట్టి ఒక పాత ఫోర్ బై ఫోర్ కొన్నాం. పెయింట్ మెరిసిపోతోంది, సీట్లకు కొత్త కవర్లు, మీటర్‌లో కిలోమీటర్లు తక్కువ. ఏటా చలికాలం మా అత్తమామలు వచ్చి మూడు నెలలు ఉంటారు కాబట్టి ఏడు సీట్ల బండి కావాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాం. అంతకన్నా ఏం ఆలోచించలేదు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి అల్ ఖోబర్‌లో ఉండే మా చెల్లెలి ఇంటి నుంచి తిరిగి వస్తుంటే కింగ్ ఫహద్ కాజ్‌వే మీద డాష్‌బోర్డు లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగి ఇంజన్ ఆగిపోయింది. రెండు వైపులా సముద్రం, పక్క నుంచి దూసుకుపోయే లారీలు, వెనక సీట్లో బీపీ ఉన్న మామయ్యగారు, నిద్రపోతున్న చిన్నది. రికవరీ బండి వచ్చేసరికి దాదాపు రెండు గంటలు పట్టింది. మర్నాడు గ్యారేజీలో కార్పెట్ లేపితే కింద ఎండిపోయిన ఒండ్రు మట్టి కనిపించింది. వైర్ల కనెక్టర్లు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. నీళ్ళలో మునిగిన బండిని కడిగి, తుడిచి మాకు అంటగట్టారు. చివరికి విడిభాగాల కింద 350 దినార్లకు ఇచ్చేశాం. మావారి రెండేళ్ళ పొదుపులో చాలా భాగం అలా పోయింది.

నేను చదివింది బీఎస్సీ ఫిజిక్స్. బండ్ల గురించి అప్పటిదాకా ఓనమాలు కూడా తెలియవు. రెండోసారి కొనే ముందు చదివి, అడిగి, పదకొండు బండ్లు చూసి రాసుకున్న నోట్సు ఇది. మన తెలుగు కుటుంబాలలో ఇంకెవరికైనా పనికొస్తుందని పంపుతున్నాను.

అసలు ఫోర్ బై ఫోర్ అవసరమా?

బహ్రెయిన్ చిన్న దేశం. అన్నిటికన్నా ఎత్తైన జబల్ దుఖాన్ కూడా 150 మీటర్లు లేదు. మనామా, రిఫా, ఈసా టౌన్ మధ్య తిరగడానికి మామూలు కారు చాలు. పిల్లల్ని ఇండియన్ స్కూల్లో దించి రావడానికి ఫోర్ వీల్ డ్రైవ్ అక్కర్లేదు. ఎత్తైన బండి, ఎక్కువ సీట్లు మాత్రమే కావాలనుకుంటే టూ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ తీసుకోండి. పెట్రోలూ, రిపేర్లూ రెండూ తగ్గుతాయి.

చలికాలంలో సాఖిర్ వైపు గుడారాలకు వెళ్ళేవాళ్ళకి, ట్రీ ఆఫ్ లైఫ్ దగ్గర రోడ్డు దిగి ఇసుకలో తిరిగేవాళ్ళకి, సౌదీలో దూర ప్రయాణాలు చేసేవాళ్ళకి మాత్రం అది ఉపయోగమే. ఇక్కడి ఎడారి చాలావరకు గట్టి రాతినేల, కానీ మధ్య మధ్య మెత్తటి ఇసుక తగులుతుంది. తీరం దగ్గర సబ్ఖా అనే ఉప్పు నేల ఉంటుంది. పైన పెంకు గట్టిగా కనిపిస్తుంది, కింద బురద. తడిగా ఉన్న సబ్ఖాలో దిగితే ఫోర్ బై ఫోర్ కూడా కూరుకుపోతుంది.

పేరు ఒకటే, రకాలు మూడు

బండి వెనక ఉండే స్టిక్కర్‌ను నమ్మవద్దు. లోపల గేర్ లివర్ పక్కన లేదా డాష్‌బోర్డు మీద 4హెచ్, 4ఎల్ అని ఉందేమో చూడండి.

ఆల్ వీల్ డ్రైవ్: రావ్4, సీఆర్‌వీ లాంటివి. వీటిలో 4ఎల్ ఉండదు. వాన నీళ్ళకి, కొద్దిపాటి ఇసుకకి సరిపోతాయి. ఇదే పేర్లతో టూ వీల్ డ్రైవ్ బండ్లు కూడా ఉంటాయి కాబట్టి అడిగి తెలుసుకోవాలి.

పార్ట్ టైమ్: నిస్సాన్ ఎక్స్‌టెరా, సుజుకి జిమ్నీ లాంటివి. మామూలుగా వెనక చక్రాలే తిరుగుతాయి, 4హెచ్ వేస్తే ముందు చక్రాలు కలుస్తాయి. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే దూరం తిరగవు. ఇసుకలో చక్రం కొంచెం జారి ఆ తేడా సర్దుకుంటుంది. పొడి తారు రోడ్డు మీద జారే వీల్లేక ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. అందుకే వీటిని రోడ్డు మీద 4హెచ్‌లో నడపకూడదు. మునుపటి ఓనర్ అలా నడిపేవాడేమో మాటల్లో పెట్టి అడగండి.

ఫుల్ టైమ్: టయోటా ప్రాడో, సుజుకి గ్రాండ్ విటారా లాంటివి. మధ్యలో ఉండే డిఫరెన్షియల్ ఆ తేడాను సర్దుతుంది కాబట్టి రోడ్డు మీద ఇబ్బంది లేదు. మిత్సుబిషి పజెరోలో రెండు పద్ధతులూ ఉంటాయి. 2హెచ్‌లోనూ నడపొచ్చు, రోడ్డు మీద 4హెచ్‌లోనూ నడపొచ్చు.

4ఎల్ అంటే సైకిల్‌కి చిన్న గేరు వేసినట్టే. చక్రం నెమ్మదిగా తిరుగుతుంది, బలం పెరుగుతుంది. ఇసుకలో దిగబడినప్పుడు బయటికి తెచ్చేది అదే.

డబ్బు లెక్క

చేతిలో ఉన్నదంతా బండికే పెట్టవద్దు. మేము 2,000 దినార్లు అనుకుంటే 1,600 బండికి, 400 పక్కన పెట్టాం. దినార్ అంటే సుమారు 2.65 అమెరికా డాలర్లు. పాత బండికి మొదటి రెండు నెలల్లో టైర్లు, బ్యాటరీ, ఆయిళ్ళు, బెల్టులు, రిజిస్ట్రేషన్, బీమా అన్నీ వరుసగా వస్తాయి. బేరానికి వెళ్ళే ముందే బీమా కంపెనీకి ఫోన్ చేసి ఆ మోడల్ సంవత్సరానికి ఏ బీమా ఇస్తారో అడగండి. థర్డ్ పార్టీ తప్పనిసరి. బాగా పాతబడిన బండ్లకు ఫుల్ ఇన్సూరెన్స్ దొరకడం కష్టం. అప్పుడు ప్రమాదం జరిగి తప్పు మనదైతే మన బండి నష్టం మనదే.

కొనే కాలం కూడా ముఖ్యం. చలికాలం గుడారాల సీజన్ ముందు ఫోర్ బై ఫోర్లకు గిరాకీ. మార్చిలో పిల్లల పరీక్షలు అయ్యాక, తర్వాత జూన్, జూలైలలో ఉద్యోగం ముగించుకుని స్వదేశం వెళ్ళేవాళ్ళు బండ్లు అమ్ముతారు. అలాంటి ఇంట్లో సర్వీసు బిల్లులు ఫైలు చేసి ఉంటే ఒక ఐదు వేల కిలోమీటర్లు ఎక్కువ తిరిగినా అదే మేలు.

ఏ బండ్లు చూడొచ్చు

టయోటా ప్రాడో: 2.7, 4.0 లీటర్ల పెట్రోల్ ఇంజన్లు రెండిటికీ టైమింగ్ చెయిన్ ఉంటుంది. 2.7 కొంచెం నెమ్మది, కానీ గట్టిది. చిక్కల్లా ధర. చిన్న బడ్జెట్‌కి బాగా అరిగిన ప్రాడోనే వస్తుంది. పేరు చూసి అరిగిన బండి కొనేకన్నా బాగా చూసుకున్న వేరే బండి నయం.

మిత్సుబిషి పజెరో, 2006 తర్వాతి రూపం: ఏడు సీట్లు, ధర అందుబాటు. 3.0 లీటర్ల ఇంజన్‌కి టైమింగ్ బెల్ట్ ఉంటుంది. సుమారు లక్ష కిలోమీటర్లకు ఒకసారి మార్చాలి. దారిలో తెగితే బండి అక్కడే ఆగుతుంది, ఇంజన్ లోపల దెబ్బ తినే ప్రమాదమూ ఉంది. మార్చిన బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్కేసి ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

నిస్సాన్ ఎక్స్‌టెరా, 2005 నుంచి 2015: 4.0 లీటర్ల ఇంజన్ బలమైనది, చెయిన్‌తో నడుస్తుంది. అయితే 2005–2010 ఆటోమేటిక్ మోడళ్ళలో రేడియేటర్ లోపల పగులు వచ్చి కూలెంట్ నీళ్ళు గేర్‌బాక్స్ ఆయిల్‌లో కలవడం తెలిసిన సమస్య. అమెరికాలో ఆ కంపెనీయే ఈ రేడియేటర్‌కి వారంటీ పొడిగించింది. అప్పటి పాథ్‌ఫైండర్‌కీ ఇదే వర్తిస్తుంది. రేడియేటర్ మార్చారా అని అడగండి. కూలెంట్ గులాబీ రంగు పాలలా కనిపిస్తే ఆ బండి వదిలేయండి.

సుజుకి గ్రాండ్ విటారా, 2005 తర్వాతిది: ఐదుగురికి సరిపోతుంది. 4ఎల్ ఉన్న మోడల్ చూసుకోవాలి. చిన్న కుటుంబానికి తక్కువ డబ్బులో మంచి ఎంపిక. సుజుకి జిమ్నీ పాత రూపం 2018 దాకా వచ్చింది. 1.3 లీటర్ల ఇంజన్, నాలుగు సీట్లు, ఇసుకలో చురుకు. సామాను పెట్టుకునే చోటు మాత్రం ఉండదు.

ఛాసిస్ నంబర్ ఏం చెబుతుంది

ఛాసిస్ నంబర్ 17 అక్షరాలు, అంకెలు. జె తో మొదలైతే జపాన్‌లో, 1, 4, 5 అంకెలతో మొదలైతే అమెరికాలో తయారైంది. అద్దం కింద ఉన్న నంబర్, డోర్ దగ్గరిది, ఓనర్‌షిప్ కార్డు మీదిది మూడూ ఒకటే ఉండాలి. మీటర్ మైళ్ళలో ఉంటే ఆ బండి అమెరికా మార్కెట్ నుంచి వచ్చిందని అనుమానించాలి. అలా వచ్చిన వాటిలో ప్రమాదాల్లో దెబ్బతిని వేలంలో అమ్ముడైనవీ ఉంటాయి. ఛాసిస్ నంబర్‌తో వాటి చరిత్ర ఆన్‌లైన్‌లో కొద్ది ఫీజుకి దొరుకుతుంది. ఇక్కడే అమ్మిన బండి అయితే అదే నంబర్ పట్టుకుని ఏజెన్సీ సర్వీసు సెంటర్‌లో పాత రికార్డు అడగండి. చివరి సర్వీసు నాటి కిలోమీటర్లు ఈరోజు మీటర్ కన్నా ఎక్కువుంటే మీటర్ తిప్పినట్టే.

రెండుసార్లు వెళ్ళి చూడండి

మొదటిసారి పొద్దున్నే వెళ్ళండి. ఇంజన్ స్టార్ట్ చేసి ఉంచవద్దని ముందే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారని అనుమానించండి. చల్లటి ఇంజన్‌లోనే కూలెంట్ మూత తీయాలి. వేడి మీద ఎప్పుడూ తీయకూడదు. ఆయిల్ మూత లోపల మజ్జిగ మీగడలాంటి పూత ఉంటే నీళ్ళు కలుస్తున్నాయేమో. స్టార్ట్ చేసినప్పుడు నీలం పొగ అయితే ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ తియ్యటి వాసనతో ఆగకుండా వస్తే కూలెంట్ కాలుతోంది.

రెండోసారి మిట్టమధ్యాహ్నం. ఏసీ పెట్టి, ట్రాఫిక్‌లో అరగంట నడపండి. ఆగి ఉన్నప్పుడు కూడా చల్లదనం తగ్గకూడదు, టెంపరేచర్ ముల్లు కదలకూడదు. బహ్రెయిన్ ఆగస్టులో ఏసీ లేని బండిలో పిల్లల్ని కూర్చోబెట్టలేం.

ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా గుండ్రంగా తిరగండి. టక టక శబ్దం వస్తే ముందు యాక్సిల్ జాయింట్లు అరిగాయి. తర్వాత ఇసుక ఉన్న చోట 4హెచ్, 4ఎల్ రెండూ వేసి చూడండి. ఏళ్ళ తరబడి వాడకపోతే అవి బిగుసుకుపోతాయి. రోడ్డు మీదే చూపించి సరిపెట్టాలని చూసేవాళ్ళ దగ్గర జాగ్రత్త.

ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం పలచటి గుడ్డలో చుట్టి తీసుకెళ్ళండి. ఇనుప రేకుకి అతుక్కుంటుంది, పుట్టీ మందంగా పూసిన చోట జారిపోతుంది. టైరు పక్కన డాట్ అని రాసి ఉన్న చోట చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. గీతలు ఎంత లోతుగా ఉన్నా ఈ ఎండలకి ముసలి టైరు నమ్మదగ్గది కాదు.

నీళ్ళలో మునిగిన బండి

2024 ఏప్రిల్ మధ్యలో ఎమిరేట్స్, ఒమన్, బహ్రెయిన్‌లలో భారీ వానలు పడి ఎన్నో బండ్లు మునిగాయి. మేము కొన్నది ఏ వానలో మునిగిందో మాకు తెలియదు. సల్మాబాద్‌లో మా బండి విప్పిన మెకానిక్ కడప జిల్లా అబ్బాయి. "అక్కా, ఇట్లాంటి బండిని కండ్లతో కాదు, ముక్కుతో చూడాల" అన్నాడు. అద్దాలన్నీ మూసి పది నిమిషాలు ఎండలో ఉంచి తలుపు తీస్తే ముక్క వాసన వస్తుంది. సెంటు ఘాటుగా కొట్టినా అనుమానమే. సీటు బెల్టును చివరిదాకా లాగండి, అడుగున మరక కనిపిస్తుంది. సీటు కింది బోల్టుల తుప్పు, స్పేర్ టైరు గుంతలో మట్టి, హెడ్‌లైట్ లోపల నీటి చారలు చూడండి. కార్పెట్ అంచు లేపి చూడనివ్వకపోతే దండం పెట్టి వచ్చేయండి.

ఇవన్నీ బాగున్నాక మీకు తెలిసిన గ్యారేజీలో లిఫ్ట్ ఎక్కించి, స్కానర్ పెట్టి చూపించండి. గ్యారేజీ అమ్మేవాళ్ళు చెప్పింది కాకూడదు. మేము ప్రతిసారీ పది, పదిహేను దినార్లు ఇచ్చాం. అలా నాలుగు బండ్లకు ఇచ్చిన డబ్బు మొదటి బండిలో పోయినదాని ముందు ఎంత?

కాగితాలు

ఓనర్‌షిప్ కార్డులో ఉన్న పేరు, అమ్మే మనిషి సీపీఆర్‌లో పేరు ఒకటే ఉండాలి. ట్రాఫిక్ జరిమానాలు బాకీ లేవని, బ్యాంకు లోను తీరిందని చూసుకోవాలి. లోను ఉంటే బ్యాంకు క్లియరెన్స్ లేఖ లేకుండా అడ్వాన్సు కూడా ఇవ్వవద్దు. బీమా మీ పేరున తీసుకుని, పేరు మారాకే మిగతా మొత్తం ఇవ్వండి. పాత బండికి ఏటా టెక్నికల్ ఇన్‌స్పెక్షన్ పాసైతేనే రిజిస్ట్రేషన్ కొనసాగుతుంది కాబట్టి ఈ ఏడాదిది ఎప్పుడు అయిందో అడగండి. కాజ్‌వే దాటాలంటే సౌదీలో చెల్లే బీమా వేరుగా ఉండాలి.

మేము చివరికి 2025 జూలైలో ఒక కేరళ కుటుంబం దగ్గర 2009 పజెరో 1,550 దినార్లకు తీసుకున్నాం. 2 లక్షల 10 వేల కిలోమీటర్లు తిరిగింది, రంగు వెలిసింది, ముందు బంపర్ మీద గీత ఉంది. కానీ ప్రతి సర్వీసుకీ బిల్లు ఉంది, టైమింగ్ బెల్ట్ బిల్లుతో సహా. టైర్లకు, బ్యాటరీకి పక్కన పెట్టిన డబ్బులోంచి 230 ఖర్చయింది. ఈ చలికాలం మామయ్యగారిని దాంట్లోనే అల్ ఖోబర్ తీసుకెళ్ళాం. కాజ్‌వే మధ్యకి వచ్చాక ఆయన మీటర్ వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా కళ్ళు మూసుకుని నిద్రపోయారు.