సగము దినపు మగ్గము



కృష్ణా తుంగభద్రల నడుమ నున్న గద్వాల సీమను మావైపువారు నడిగడ్డ యందురు. పూర్వము పండితుల కాశ్రయమై 'విద్వద్గద్వాల' యని పేరొందిన సంస్థానమది. నేడు దాని పేరు దేశమంతట వినబడుటకు కారణము అచటి చీర. నూలు ఒడలికి పట్టు అంచును, కొంగును పెనవేయు ఆ నేత మిక్కిలి యోపికతో గూడిన పని. నేను వనపర్తిలో చిరకాలము ఉపాధ్యాయుడనుగా నుండి విశ్రాంతి గైకొన్నవాడను. నడిగడ్డలో నాకు పరిచయస్థులు పెక్కురు కలరు.

కొంతకాలము క్రిందట గద్వాలలో చిరపరిచితుడగు ఒక నేతపనివాని యింటికి బోయితిని. ఆయనకు ఏబదియైదేండ్లు దాటినవి. క్షయవ్యాధికి ఆరుమాసములు మందులు తిని అప్పుడప్పుడే కోలుకొనుచుండెను. నేను వాకిలి సమీపించునప్పటికి లోపల మగ్గపు చప్పుడు వినబడుచుండెను. నా యడుగుల సవ్వడి విని అది చటుక్కున ఆగిపోయినది. గుంటలోనుండి కాళ్లు పైకి దీసికొని, నన్ను గుర్తించి, ఆయన మెల్లగా నిట్లనెను: "సారూ, నేను మగ్గంల కూసున్న సంగతి ఎవ్వరికీ చెప్పకుండ్రి. పింఛను బందైతది."

ఆ మాట నన్ను చాలదినములు వెంటాడినది. ఏలయన ఆయన భయమునకు నిబంధనలలో ఆధారము లేదు. తెలంగాణమున 2014 నవంబరులో ఆసరా పింఛనులు ప్రారంభమైనప్పుడు ఏబదియేండ్లు నిండిన చేనేతవారికిని నెలకు 1000 రూపాయలు నిర్ణయించిరి. 2019లో అది 2016 రూపాయలైనది. ఆదాయమునకును భూమికిని పరిమితులు కలవు గాని, మగ్గము మానవలెనను షరతు లేదు. నేతపని చేయువాడగుటయే దానికి అర్హత. క్షయరోగులకు 2018 ఏప్రిలు నుండి కేంద్రప్రభుత్వ మిచ్చు పోషణసహాయము నెలకు 500 రూపాయలుగా నుండి, 2024 నవంబరు నుండి 1000 రూపాయలైనది. అదియు రోగి పనిచేసెనా, మానెనా యని యడుగదు. మరి ఈ భయ మెక్కడిది? దీని జాడ పట్టుకొని పోయినచో మనము 1877 వ సంవత్సరమునకు చేరుదుము.

1876 మొదలు 1878 వరకు దక్షిణాపథమును దహించిన ధాతుకరువు తుంగభద్ర కావల కర్నూలును, ఈవల నిజాము రాజ్యపు దక్షిణభాగమును ఏకముగా పీడించినది. నాగర్‌కర్నూలు ఆనాడు జిల్లా ముఖ్యస్థానము. ఆంగ్లేయుల యేలుబడిలోని మద్రాసు రాజధానిలో లక్షలకొలది జనము కరువుపనులలో రాళ్లు కొట్టి, మన్ను మోసి పొట్ట పోసికొనిరి. వ్యయము తగ్గింపుమని 1877 ఆరంభమున పంపబడిన సర్ రిచర్డు టెంపులుగారు, దినమెల్ల కష్టించు పురుషునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయును చాలునని నిర్ణయించిరి. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిషుగారు దీని నెదిరించి, కనీసము ఒకటిన్నర పౌను ధాన్యమును, పప్పును, కూరగాయలును కావలెనని వాదించిరి. ఆ వాదము కొంత ఫలించి, మార్చి నెలలో కూలి ఒకటింబాతిక పౌనునకు పెరిగినది.

కూలి పరిమాణముకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. ఆ పద్ధతిలో కష్టమైన పనియే అవసరమునకు పరీక్ష. నిజముగా ఆకలిగొన్నవాడు ఎంత కఠినమైన పనికైనను వచ్చును గదా యని అధికారుల తర్కము. ఇది ఇంగ్లండులో 1834 నాటి దరిద్రచట్టము నేర్పిన తర్కమే. అంతకు పూర్వము అచట 1795 నుండి కొన్ని సీమలలో, చాలని కూలికి రొట్టెవెలను బట్టి కొంత ధనము చేర్చి యిచ్చు ఆచారముండెను. పనియు సహాయమును కలిసియుండిన ఆ యాచారమును 1834 చట్టము సోమరితనమునకు మూలమని నిందించి అణచివేసినది.

1880లో స్ట్రాచీగారి యధ్యక్షతను నడచిన క్షామవిచారణసంఘము కొంత దయ చూపినది. శక్తి గలవారికి పని, శక్తి లేనివారికి ఇంటికడనే ఉచితసహాయము అను సూత్రమును స్థిరపరచినది. ఈ సూత్రము ఎందరి ప్రాణములనో కాపాడినదనుట నిజము. అయినను అది మనుష్యులను రెండు రాసులుగా పోసినది. మంచముననుండి లేచి, ఇంకను మగ్గము చేరని మనుష్యు డే రాసిలోనివాడు?

ఈ ప్రశ్నకు మన దేశపు చట్టములు మెల్లమెల్లగా సమాధానము వెదకినవి. 1923 నాటి కార్మిక నష్టపరిహారచట్టము, పనిలో గాయపడినవాడు తరువాత తక్కువ కూలికి పనిచేసినను, పోయిన కూలి లెక్కకు లోబడి సహాయము పొందవచ్చునని ఒప్పుకొన్నది. సగము శక్తికి అది చిన్న గుర్తింపు. కాని 1948 నాటి ఉద్యోగుల రాజ్యబీమాచట్టము, రోగి యే దినమున పనిచేసిన ఆ దినమునకు రోగభృతి లేదన్నది. ఫ్యాక్టరీలో సగము పూట పనిచేసి చూతమను కూలివానికి ఆ దినపు భృతి పోయెడిది. ఇక మగ్గపువానికి, పొలము కూలికి ఈ రెండు చట్టములును దూరపు చుట్టములుగానే యుండెను.

వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలనుండి మేస్త్రీ చేతి బయానా పుచ్చుకొని దూరదేశములలో కాలువలు, ఆనకట్టలు త్రవ్విన పాలమూరు కూలీల నేనెఱుగుదును. నడుము విరిగి తిరిగివచ్చినవారు అందు పెక్కురు. 2006 ఫిబ్రవరిలో ఉపాధిహామీపథకము అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైనప్పుడు, తొలి 200 జిల్లాలలో పాలమూరును చేరినది. ఊరిలోనే పని దొరకినది. అయితే మట్టిపనికి కూలి కొలతను బట్టియే యుండెను. జట్టులో ఒకడు అలసి కూర్చున్నచో తక్కినవారి కొలత తగ్గెడిది. నీళ్లందించుట, పసిపిల్లలను కనిపెట్టుట వంటి తేలికపనులు ఆ పథకమున ఉండెను. అవి కొందరికే దక్కెడివి.

శ్రోతలారా, చట్టములు ఇంతగా తడుముకొన్న విషయమును నేతవారి యిల్లు ఏనాడో నేర్చుకొన్నది. చూపు మందగించిన ముదుసలి రాట్నము త్రిప్పి కండెలు చుట్టును. జబ్బుననుండి లేచినవాడు తొలుత నూలు సవరించి, పిదప గడియసేపు మగ్గమున కూర్చుండును. గద్వాల నేతలో అంచుకొక నాడె, ఒడలికొక నాడె నడపవలసియుండుటచే ప్రక్కన సహాయకు డుండుట మామూలు. ఒకడు సగము వాడైనను చీర ఆగదు. పనికిని విశ్రాంతికిని నడుమ ఆ యింట గోడ లేదు.

నా మిత్రునకు ఆనాడు పింఛను నిబంధనలు ఒక్కొక్కటిగా చదివి వినిపించితిని. ఆయన శ్రద్ధగా విని, "మరి మాకెవ్వరూ చెప్పలేదు గద సారూ" అనెను. అందులోనే మన లోపమంతయు నున్నది. పరీక్షించుటకు వచ్చు అధికారిని ఆ యిండ్లు తరతరములుగా నెఱుగును. నీకింత హక్కు కలదని చెప్పుటకు వచ్చువారు అరుదు. సహాయము నిర్ణయించుటతో ప్రభుత్వముపని ముగియదు. కోలుకొనువాడు నిర్భయముగా మరల పని మొదలిడవచ్చునని వాని వాకిట నిలిచి, వాని మాటలో చెప్పవలెను. చదువుకొన్న మనము చేయదగిన సేవయు నిదియే.

మొన్న మరల ఆ వీధిని పోవుచుంటిని. మందుల గడువు ముగిసి, వైద్యుడు సమ్మతించిన పిదప, ఆయన ఉదయపు వేళ రెండు గంటలు మాత్రము నేయుచున్నాడట. భార్య ప్రక్కన కూర్చుండి అంచు నాడె అందించుచున్నది. నా యడుగుల సవ్వడికి ఈసారి మగ్గము ఆగలేదు.