పౌదనపురం నుండి పోచారం దాకా

క్రీ.శ. 10వ శతాబ్దిలో గంగరాజులకు మంత్రిగాను, సేనానిగాను ఉండిన చావుండరాయడు తన తల్లి కాళలాదేవిని వెంటబెట్టుకొని పౌదనపురానికి యాత్ర బయలుదేరినాడని జైనుల గాథ ఒకటి చెబుతున్నది. అచ్చట భరతచక్రవర్తి నెలకొల్పిన బాహుబలి విగ్రహం మహోన్నతమైనదని విని, దానిని కన్నులార చూడాలని ఆ తల్లి కోరినదట. యాత్ర సాగలేదు. శ్రవణబెళగొళలోని 12వ శతాబ్ది శాసనంలో బొప్పణకవి అందుకు కారణం కూడ చెప్పినాడు. కాలక్రమాన ఆ విగ్రహం చుట్టును కుక్కుటసర్పాలు లెక్కకు మిక్కిలిగా పెరిగినవి. ఆ దేశం దూరమైనది, పోరానిది అని పెద్దలు వారించినారు. అంతట చావుండరాయడు శ్రవణబెళగొళ కొండమీదనే 57 అడుగుల ఏకశిలా విగ్రహాన్ని చెక్కించి, 981 ప్రాంతంలో ప్రతిష్ఠ చేయించినాడు.

ఆ పౌదనపురం నేటి నిజామాబాదు జిల్లాలోని బోధనే అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. బౌద్ధ వాఙ్మయం పేర్కొన్న పదహారు మహాజనపదాలలో గోదావరీ తీరాన ఉన్నది అస్సక జనపదం ఒక్కటే. సంస్కృతంలో దానినే అశ్మక మన్నారు. దాని రాజధాని పేరు పోతన అనియు, పోదన అనియు కనబడుతుంది. పోదన బోధనుగా మారడం వింత కాదు. శ్రవణబెళగొళ నుండి బోధనుకు పటంమీద గీత గీసి కొలిస్తే సుమారు 660 కిలోమీటర్లు వస్తుంది. ముసలి తల్లిని వెంటబెట్టుకొని ఆ కాలంలో అంతదూరం పోవడం సామాన్యమైన పని కాదు.

కోడితలయు, పాము ఒడలును గల కుక్కుటసర్పం జంతుశాస్త్ర గ్రంథాలలో దొరకదు. అయినను శాసనకవి మాటను వట్టి కల్పనగా తోసివేయ నక్కరలేదు. పాడుపడిన కట్టడంలో రాళ్ళసందులుంటాయి, ఎలుకలుంటాయి, చెదపుట్టలుంటాయి. అవి ఉన్నచోట పాములు చేరుతాయని పల్లెటూరి పిల్లలకు కూడ తెలుసును. మనుష్యులు విడిచిన చోటును అడవి ఆక్రమించుకొంటుందని ఆ కవి ఎరుగును. బోధను ప్రాంతపు తరువాతి చరిత్రలో మాత్రం దీనికి ఎదురుగా జరిగిన సంగతులే ఎక్కువ. మనుష్యులు కట్టలు కట్టి నీరు నిలిపిన చోట్లకే పక్షులు, జంతువులు వచ్చి చేరినవి. సంక్రాంతి సెలవులలో పిల్లలను తీసుకొని ఈ ప్రాంతం చూడబోయే కుటుంబానికి ఇది దారిపొడుగున కనబడుతుంది.

యాత్రను నిజామాబాదు పట్టణంలోనే మొదలు పెట్టవచ్చును. దీని పాతపేరు ఇందూరు. ఊరి నైరుతి దిక్కున గుట్టమీద ఉన్న ఖిల్లా రాష్ట్రకూటుల కాలంలో మొదలైనదని ప్రతీతి. నేడు అందులో రఘునాథాలయం ఉన్నది. నిజాము ప్రభుత్వం ఈ కోటను చెరసాలగా వాడుకొన్నది. మహాకవి దాశరథి కృష్ణమాచార్య, రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి ఇందులో ఖైదీలుగా ఉన్నవారే. పండ్లు తోముకొనుటకు ఇచ్చిన బొగ్గుతో దాశరథి జైలుగోడమీద పద్యాలు వ్రాసిన సంగతి తెలంగాణ విద్యార్థులకు చిరపరిచితమే.

పట్టణం నుండి బోధను రోడ్డున పోతుంటే జానకంపేట దగ్గర అశోకసాగరం, ఇంకొంత దూరంలో ఎడపల్లి ప్రాంతాన అలీసాగరం వస్తాయి. రెండు ప్రక్కల వరి, పసుపు, అక్కడక్కడ చెరకు కనబడతాయి. ఒకప్పుడు ఈ దారిలో చెరకు తప్ప వేరేమియు కంటికి ఆనేది కాదు. ఆ కథ చెప్పుకొనే ముందు బోధనులోని ఏనుగుల సంగతి కొంత తెలుసుకోవాలి.

వేములవాడ చాళుక్యుల వంశానికి మూలపురుషులలో ఒకడైన యుద్ధమల్లుడు సపాదలక్ష దేశాన్ని ఏలినాడు. అతడు బోధనులో బావులను నూనెతో నింపించి తన ఏనుగులకు స్నానం చేయించేవాడని ఆ వంశపు శాసనాలు పొగడుతున్నవి. ఆ వంశపు రాజు రెండవ అరికేసరి ఆస్థానంలో ఉండి పంపకవి 941లో రచించిన కన్నడ కావ్యం విక్రమార్జున విజయంలోను ఈ మాట ఉన్నది. రాజుల ఐశ్వర్యాన్ని గూర్చి కవులు చెప్పే మాటలలో అతిశయోక్తి పాలు తీసివేయవలసినదే. అయితే ఏనుగుకు నూనె పట్టించడం అర్థంలేని ఆడంబరం కాదు. ఏనుగు చర్మంలో మన చర్మంలో వలె చెమట గ్రంథులు లేవు. అడవిలో అది బురదలో పొర్లి, ఆ పూతతో ఎండను, ఈగలను ఆపుకొంటుంది. గొలుసుతో కట్టివేసిన ఏనుగుకు బురదగుంట దొరకదు; దాని చర్మం ఎండి పగులుతుంది. మావటివాండ్రు నేటికీ ఏనుగుల నుదుటికి, కాళ్ళకు నూనె రాస్తున్నారు.

విద్యార్థులు ఇచ్చట చిన్న లెక్క వేసి చూడవచ్చును. పెద్ద ఏనుగుకు రోజుకు సుమారు 150 కిలోల మేత, నూరు లీటర్లకు పైగా నీరు కావాలి. యుద్ధమల్లునికి నూరు ఏనుగులే ఉన్నవనుకొన్నను ప్రతిదినం 15 టన్నుల పచ్చిమేత కోయించి తేవాలి. నూనె మాట అటుంచితే, ఇంత మేత, ఇంత నీరు ఏడాది పొడుగున దొరికిన చోటు కనుకనే రాజు అక్కడ గజశాల పెట్టుకొన్నాడు. కవి రాజును పొగడబోయి బోధను చుట్టుపట్ల ఉన్న పచ్చదనానికి సాక్ష్యం చెప్పినాడు.

అదే కావ్యంలో ఇంకొక జంతువు ప్రసక్తి ఉన్నది. ఆ వంశపు బద్దెగుడు వేంగి చాళుక్య భీముని నీటిలో మొసలిని పట్టినట్లు పట్టుకొన్నాడని పంపకవి వర్ణించినాడు. మొసలి ఆ దేశపు పాఠకులకు ఎరుకైన జంతువే. మంజీరలో మొసళ్ళు నేటికీ ఉన్నవి. వాటి రక్షణకై సంగారెడ్డి దగ్గర 1978లో మంజీర అభయారణ్యం ఏర్పడినది.

బోధను ఊరిలో చూడదగినది దేవల్ మసీదు. దీని కట్టడపు అడుగు నక్షత్రాకారంలో ఉంటుంది. లోపల స్తంభాలు బారులు తీరి ఉన్నవి. రాష్ట్రకూటుల కాలపు జైనాలయమనియు, కల్యాణి చాళుక్యుల కాలంలో మార్పులు జరిగినవనియు, తుగ్లకుల కాలంలో మసీదు అయినదనియు చెబుతారు. స్తంభాలమీద తీర్థంకరుల బొమ్మలు ఇప్పటికీ గుర్తుపట్టవచ్చును. కాళలాదేవి చూడగోరిన బాహుబలి విగ్రహపు జాడ మాత్రం ఇచ్చట లేదు.

ఇక చెరకు సంగతి. బీడు జిల్లాలో బాలాఘాట్ కొండలలో పుట్టిన మంజీర మొదట ఆగ్నేయంగా పారి, ఆ మీదట వెనుకకు మళ్ళి ఉత్తరముఖంగా బోధను ప్రక్కనుండి పోయి, కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. 1923లో అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల నడుమ దానికి అడ్డంగా ఆనకట్ట పని మొదలైనది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఆధ్వర్యాన 1931లో అది నిజాంసాగరంగా పూర్తయినది. ఉద్దేశించిన ఆయకట్టు 2,75,000 ఎకరాలు. అలీసాగరం పేరు ఆ ఇంజనీరు పేరే. కాలువ నీరు వచ్చిన వెనుక చెరకు వచ్చినది. చెరకును వెదుకుకొంటూ 1937లో బోధను ప్రక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చినది. అది ఒకప్పుడు ఆసియాలోకెల్ల పెద్దదిగా పేరుపొందినది.

ఫ్యాక్టరీ పొలాల నడుమనే ఎందుకుండాలి? కోసిన చెరకులో చక్కెర నిలువ ఉండదు. గడలోనే ఉన్న ఒక ఎంజైము దానిని గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతుంది. అవి పలుకు కట్టవు, బెల్లపుపాకం వలె జిగురుగా మిగులుతాయి. అందువలన కోసిన చెరకు ఒకటి రెండు రోజులలో గానుగ చేరాలి. చలికాలంలో రాత్రులు చల్లబడగానే మొక్క పెరుగుదల మందగిస్తుంది. ఆకులలో తయారైన చక్కెర పెరుగుదలకు ఖర్చుకాక గడలో కూడుతుంది. కనుకనే చెరకు ఆడే కాలం చలిలో మొదలవుతుంది. చెరకుబండ్లు బారులు తీరే నెలలలోనే నిజాంసాగరం నీటిమీద ఉత్తరదేశపు పక్షులు దిగుతాయి. రెండింటికి కారణం చలియే. ఇక్కడి చలి గడలో చక్కెరను కూర్చుతుంది, అక్కడి చలి చెరువులను గడ్డకట్టించి పక్షులను ఇటు తరుముతుంది.

వాటిలో ముఖ్యమైనది పట్టెతల పెద్దబాతు. బూడిదరంగు ఒడలు, తెల్లని తలవెనుక రెండు నల్లని పట్టెలు ఉంటాయి. టిబెట్టు, మంగోలియా ప్రాంతాలలో గ్రుడ్లు పెట్టి, హిమాలయాలను దాటి ఇటు వస్తుంది. దీని వీపుకు చిన్న రేడియో పరికరాలను కట్టి పరిశోధకులు జాడతీస్తే, 7,290 మీటర్ల ఎత్తున కూడ ఎగిరినట్లు తేలినది. అంత ఎత్తున గాలి మన ఊరి గాలిలో సగానికి లోపు పలుచన. దాని నెత్తుటిలోని హీమోగ్లోబిన్ అణువులో ఒక అమైనో ఆమ్లం తక్కిన బాతులకంటె వేరుగా ఉండి, ఆక్సిజనును గట్టిగా పట్టుకొనుటకు తోడ్పడుతుంది. దీనికి తోడు వచ్చే నారింజరంగు బాతు మన కవులకు ఎరుకైన జక్కవ, అనగా చక్రవాకం. రాత్రివేళ జక్కవల జంట ఎడబాటుకు కావ్యాలలో ఎన్ని పద్యాలున్నవో లెక్కలేదు. పాపం, దాని గూడును మాత్రం మన కవులలో చూసినవారుండరు. అది తెలుగుదేశంలో గూడు పెట్టదు.

నిజాంసాగరం కట్టినప్పుడు దాని నిలువ సామర్థ్యం 29.7 టీఎంసీలు. మంజీర తెచ్చే ఒండ్రు అడుగున పేరుకొనగా, తరువాత కట్టకు మార్పులు చేసినను నేటి సామర్థ్యం 17.8 టీఎంసీలే. ఎగువన సింగూరు జలాశయం వచ్చిన మీదట దిగే నీరు కూడ తగ్గినది. ఒండ్రు మేటవేసిన అంచులలో నీరు పలుచబడితే బురదలో నడిచి మేసే పక్షులకు మేలే. కాలువ చివర చెరకు వేసినవానికి అది నష్టం. ఒకే పూడిక ఇద్దరికి రెండు విధాలు. 2002లో ఫ్యాక్టరీ యాజమాన్యం ప్రైవేటు చేతికి పోయినది. 2015 డిసెంబరులో, సరిగా చెరకు ఆడవలసిన కాలంలో, పని ఆగిపోయినది. శక్కర్‌నగర్ పేరులోని శక్కరకు అర్థం చెప్పి పిల్లలకు వివరించవలసిన దినం వచ్చినది.

కందకుర్తి దగ్గర నుండి గోదావరి దిగువన ఇటువంటిదే మరొకటి జరిగినది. 1963లో పోచంపాడు వద్ద శంకుస్థాపన జరిగిన శ్రీరామసాగరం నిండితే నీరు వెనుకకు చాలదూరం తన్నుతుంది. నందిపేట వైపు ఆ నీరు తీసినకొద్దీ బయటపడే నేలమీద లేతగడ్డి మొలుస్తుంది. ఆ గడ్డికి కృష్ణజింకలు వస్తాయి. ఏ పటంలోను ఆ మేతబీడుకు పేరు లేదు. సంవత్సరంలో సగం దినాలు అది నీటి అడుగున ఉంటుంది.

బోధను నుండి బాన్సువాడ, నిజాంసాగరం మీదుగా ఎల్లారెడ్డి చేరి, అచ్చటినుండి పోచారం పోవచ్చును. ఆలేరు వాగుకు 1916–1922 నడుమ కట్టవేయగా ఏర్పడినది ఈ చెరువు. చుట్టుపట్ల అడవి నిజాముల వేటస్థలం. రాజు వేటకై అడవిని కాచినారు. మామూలు జనం గొడ్డలి పట్టి లోనికి పోరాదు. వేటగాని కోసం కాచిన అడవి కనుకనే తరువాత జంతువుల కోసం కాచుటకు మిగిలినది. 1952లో దీనిని అభయారణ్యంగా ప్రకటించినారు. ఆ సంవత్సరమే భారతదేశంలో చీతా నశించినదని ప్రభుత్వం ప్రకటించినది. దక్కను రాజులు మచ్చికచేసిన చీతాలను బండ్లమీద తీసుకొనిపోయి కృష్ణజింకల మీదికి వదిలేవారు. వేటలో సాయపడిన జంతువే ముందుగా పోయినది.

పోచారం అడవిలో చిరుత, ఎలుగు, రేసుకుక్క, నీల్గాయి, కణుజు, దుప్పి, చింకారా, కొండగొర్రె ఉన్నవని లెక్కలు చెబుతాయి. సందర్శకులకు ఇవన్నీ కనబడతాయని ఆశించడం తప్పు. కుటుంబంతో పోయినవారికి తప్పక కనబడేవి దుప్పులు, చెరువుమీది పక్షులు. వాటిలో రెండు ముక్కు దవడల నడుమ సందుగల కొంగను పిల్లలు వెంటనే గుర్తుపడతారు. ఆ సందు పుట్టుకలోపం కాదు. జారిపోయే నత్తను పట్టి, ముక్కు కొనతో గుల్లలోని కండను తీసుకొనుటకు అది పనికి వస్తుంది. ఆ కొంగ పిల్లలకు పుట్టినప్పుడు ముక్కు తిన్నగానే ఉండి, పెరిగినకొద్దీ సందు ఏర్పడుతుంది.

ఈ చెరువును కట్టినది కొంగల కోసం కాదు. దిగువ పొలాల కోసం. సంక్రాంతి దాటగానే యాసంగి వరికి తూము ఎత్తుతారు. నీరు రోజుకింత వెనుకకు పోతుంది, తడిబురద బయటపడుతుంది, అందులో నత్తలు తేలుతాయి. కొంగలు నీటి అంచు వెంటనే ఒక్కొక్క అడుగు జరుగుతూ లోనికి పోతుంటాయి.