ఓడ దిగి తెచ్చిన శంఖము



యాత్రకు పోయి వచ్చినవాడు రిక్తహస్తములతో గడప దాటరాదని మన యిండ్లలో నియమము. కాశికి పోయినవానిని గంగ తెచ్చితివా యని యడుగుదురు. తిరుపతికి పోయినవానిని ప్రసాదమేదీ యని యడుగుదురు. సముద్రముపై విహరించి వచ్చినవానిని ఏమడుగవలెనో మనకింకను వాడుక కాలేదు. అందుచేత అట్టివారు తమకు తోచినది కొని తెచ్చి, కొన్నాళ్లకు దానిని చూచి నొచ్చుకొనుచుందురు. అట్టి వస్తువుల చరిత్రను గూర్చి నేడు ముచ్చటించెదను. ఇందు నా యింటి కథయు కొంత గలదు. దానినే ముందు చెప్పుట మంచిది. లేనియెడల ఈ విషయమున నీకు గల యధికారమేమని మీరడుగవచ్చును.

నేను జనగామ నివాసిని. పాఠశాలలలో తెలుగు పండితుడనుగా ఉద్యోగము చేసి విశ్రాంతి నొందినవాడను. 2022వ సంవత్సరము జూన్ మాసమున విశాఖపట్టణమునుండి పుదుచ్చేరి, చెన్నపట్టణముల మీదుగా విహారనౌక నడచినప్పుడు మా కుమారుడు మా దంపతులకు టికెట్లు కొని పంపినాడు. బౌధాయన ధర్మసూత్రమున సముద్రయానము పతనహేతువులలో మొదట చేర్పబడియున్నది. ఆ సూత్రకారుడే మరియొకచోట సముద్రయానము ఉత్తరదేశపువారి యాచారమనియు చెప్పియున్నాడు. మేమా దక్షిణదేశపువారము. ఈ ధర్మసంశయము నన్ను రెండు దినములు బాధించినది. టికెట్టు సొమ్ము తిరిగి రాదని తెలిసిన పిమ్మట బాధింపలేదు.

ఓడ నిలిచిన యొక రేవున తీరము వెంబడి అంగళ్లు బారులు తీరి యుండెను. గవ్వల దండలు, ముత్యపుచిప్పల పెట్టెలు, తెల్లని పగడపు కొమ్మలు. ఒక వర్తకుడు ఎఱ్ఱని పట్టుగుడ్డ విప్పి మాకొక శంఖమును చూపి, ఇది దక్షిణావర్తము, లక్షలలో ఒకటి, యనెను. వెల ఇరువదియైదు వేల రూపాయలు. నా భార్య నావైపు చూచినది. నేను శంఖమును చేతబట్టి, ముఖము కుడివైపునకు తెరచియుండుట కనుగొని, లక్షణము సరిపోయినదని తీర్పు చెప్పితిని. ఆమె వర్తకుని మాట నమ్మి కొనలేదు, నా మాట నమ్మి కొన్నది. సొమ్ము ఆమె చిరకాలముగా కూడబెట్టుకొన్నది.

ఇల్లు చేరిన వెంటనే ఆ శంఖమునకు పీఠము చేయించితిమి. జనగామకు సమీపముననే, హైదరాబాదునుండి వరంగల్లు పోవు దారిలో, పెంబర్తి యున్నది. అచ్చటి విశ్వకర్మల పని కాకతీయుల నాటినుండి వచ్చినదని ప్రసిద్ధి. ఇత్తడి రేకును లక్కపై నతికించి, వెనుకనుండియు ముందునుండియు ఉలులతో మెల్లగా కొట్టుచు తీగలను, పూవులను పైకి లేపుదురు. దేవాలయముల వాహనములకును ద్వారబంధములకును తొడుగులు చేసిన చేతులే, నైజాము ప్రభువుల కాలమున తాంబూలపు పెట్టెలును అత్తరుదానులును చేసినవి. మాకు పీఠము చేసిన వృద్ధుడు శంఖమును కొలత వేసికొని, ఏమియు ననక, పద్మదళముల వరుసతో చక్కని పీఠము చేసి యిచ్చెను. ఆ దినము మొదలు నా భార్య సాలగ్రామమునకు ఆ శంఖముతోనే అభిషేకము చేయుచు వచ్చినది.

2024వ సంవత్సరము దసరా నాడు నా పూర్వశిష్యుడొకడు జమ్మి పెట్టి నమస్కరించుటకు వచ్చెను. అతడు మహబూబాబాదున జంతుశాస్త్రము బోధించుచున్నాడు. పూజాగృహమున శంఖమును చూచి, “సారు, ఒకసారి పట్టుకొని చూడవచ్చునా?” యని యడిగి, దాని ముఖములోనికి వ్రేలు పోనిచ్చి తడవి, మరల యథాస్థానమున నుంచి, ఫలాహారము చేసి వెడలిపోయెను. మరునాడు ఫోనుచేసి సంగతి చెప్పెను. గురువును గురుపత్ని యెదుట చిన్నబుచ్చరాదని యతడు ఒకరాత్రి మాట నాపుకొన్నాడు. ఇట్టి శిష్యులను నేనెన్నడు ప్రత్యేకముగా మెచ్చుకొని యుండలేదు; ఇప్పుడు మెచ్చుకొనుచున్నాను.

అతడు చెప్పినదిది. మన పూజాశంఖము ఒక జాతి నత్త యొక్క చిప్ప. దాని ముఖములోపల, నడిమి కంబము మీద, మూడో నాలుగో గట్టి మడతలుండును. వ్రేలికి మెట్లవలె తగులును. ఆ జాతిలో దాదాపు అన్ని చిప్పలును ఒకేవైపునకు చుట్టుకొనును. ఎన్నడో యొకటి ఎదురు వైపునకు చుట్టుకొని పుట్టును. అదియే దక్షిణావర్తము, తమిళులు వలంపురి యందురు. ఇందొక చమత్కారము గలదు. శాస్త్రజ్ఞులు చిప్పను శిఖరము మీదికి నుండునట్లు పట్టి చూతురు గనుక, మనకు దక్షిణావర్తమైనది వారికి వామావర్తము. పేరు చూచి తగవులాడుకొన్న వారిని నేనెరుగుదును. ఇక అమెరికాఖండమునకు తూర్పుగా మెక్సికో సింధుశాఖయందును, దాని పొరుగు తీరములందును, వేరొక జాతి నత్త గలదు. దానికి సహజముగనే ఎదురుచుట్టు. అక్కడ అది అరుదు కాదు. టెక్ససు రాష్ట్రము 1987లో దానిని తన రాష్ట్రపు గవ్వగా ప్రకటించుకొన్నది. దాని బుడిపెలను అరగదీసి, నునుపు చేసి, మన దేశమున దక్షిణావర్తమని యమ్ముచున్నారు. లోపలి మడతలు మాత్రము ఎవ్వరును తయారుచేయలేరు. మా శంఖములో నేను వ్రేలు పెట్టి చూచితిని. అద్దమువలె నున్నగా నుండెను.

పండితునకు పరాభవము కలిగినప్పుడు అతడు చేయగల పని గ్రంథములు తిరుగవేయుట. ఆ మాసములలో నేను చదివినవాటిలో కొన్ని మీకును వినదగినవి.

సముద్రమునకు పోయి శంఖము తెచ్చినవారిలో మొదటివాడు శ్రీకృష్ణుడే. సాందీపని కుమారుని వెదకుచు కడలిలో దిగి, పంచజనుని చంపి చూడగా బాలుడు కనబడలేదు. శంఖము మాత్రము దొరకినది. దానిని తీసికొని, బాలునికై యమపురికి పోయినాడు. పోయిన పని వేరు, చేతికి వచ్చినది వేరు. ఈ కథ గల దశమస్కంధమును తెనిగించిన పోతన మా జనగామ ప్రాంతపు బమ్మెరవాడు. ఈ మాటపై ఒంటిమిట్టవారితో వాదమునకు నేడు వ్యవధి లేదు.

చరిత్రకు వత్తము. సింహళ దేశపు మహావంశమున, అశోకుడు దేవానాంపియ తిస్సునకు పట్టాభిషేకమునకై పంపిన వస్తువుల పట్టిక యున్నది. అందు గంగాజలమును, శుభముగా చుట్టుకొన్న శంఖమును ఉన్నవి. కావున యాత్రికుల గంగచెంబును, వలంపురి శంఖమును, రెండును ఒకే మూటలో సముద్రము దాటినవన్నమాట. అంతకును పూర్వమే హరప్పా, లోథాలు మున్నగు పురములవారు శంఖమును కోసి గాజులు చేసికొన్నారు. గత శతాబ్దారంభమున చెన్నరాజధాని మత్స్యశాఖయందు పనిచేసిన జేమ్సు హార్నెల్ 1914లో శంఖమును గూర్చియే యొక గ్రంథము ప్రకటించెను. తూత్తుకుడి సముద్రమున మునుకలు వేయువారు తెచ్చిన శంఖములు వంగదేశమునకు పోయి అచ్చటి సువాసినుల చేతులకు గాజులగుట అందు సవిస్తరముగా నున్నది.

మన తెలుగువారి మాటకు వచ్చినచో మోటుపల్లిని చెప్పక తప్పదు. నేటి బాపట్ల ప్రాంతపు తీరమున అది కాకతీయుల రేవు. ఓరుగల్లున గణపతిదేవుడు ఏలుచుండగా, శకవర్షము 1166, అనగా క్రీ. శ. 1244–45లో, అచ్చట అభయశాసనము వేయించెను. పూర్వరాజులు తుపానులకు దారితప్పి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సొత్తునంతయు బలాత్కారముగా గైకొనుచుండిరి. గణపతిదేవుడు ప్రాణములకు తెగించి సముద్రము దాటి వచ్చువారి ధనమునకు అభయమిచ్చి, నియతమైన సుంకము దక్క తక్కినదంతయు వదలివేసెను. ఎగుమతి దిగుమతులకు ముప్పదింట నొకవంతు. చందనము, కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, పునుగు, పగడములు, పట్టు, మిరియాలు మున్నగువాటికి సుంకములు రాతిమీద చెక్కియున్నవి.

ఆ పట్టికను చదువునప్పుడు నాకు మా రేవుబజారు జ్ఞప్తికి వచ్చెను. ఆనాడు రాజముద్రతో గౌరవముగా దిగిన సరకులలో కొన్ని నేడు దొంగసొత్తు క్రింద లెక్క. ఏనుగుదంతపు వ్యాపారమును మన ప్రభుత్వము 1986లో నిషేధించినది. ఆఫ్రికాదంతమునకును ఆ నిషేధము 1991లో వచ్చినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు పట్టికలలో 2001లో పగడపు దిబ్బల జీవులను, కొన్ని జాతుల గవ్వలను చేర్చిరి. నగలలో పొదుగు ఎఱ్ఱ పగడము వేరు. నేను చెప్పునది దిబ్బలనుండి విరిచిన తెల్లని కొమ్మలను గూర్చి. అవి రాళ్లు కావు, సూక్ష్మప్రాణులు తరతరములుగా కట్టుకొన్న యిండ్లు. అండమానునుండి వచ్చు యాత్రికుల పెట్టెలలో ఇట్టివి పట్టుబడుట కలదు. నేను కొన్న వస్తువు చట్టవిరుద్ధమైనది కాకపోవుట నా వివేకమువలన గాదు, అదృష్టమువలన.

ఇంకొక సంగతియు నాకు తోచినది. మన ప్రాంతపు యాత్రికులు పూర్వము తెచ్చుకొన్నవి నిలువయుండు వస్తువులు కావు. కాశినుండి మూతికి లక్కవేసిన రాగిచెంబు వచ్చిన నాడే గంగపూజ. ఇరుగుపొరుగువారికి తలకొక ఉద్ధరిణెడు తీర్థము, మణికట్టునకు కాశీదారము. మేడారపు జాతరకు పోయినవారు బంగారము తెత్తురు. బంగారమనగా తల్లుల గద్దెలకడ పెట్టిన బెల్లము. మేడారము 2016నుండి 2019వరకు భూపాలపల్లి జిల్లాలో నుండి, పిదప ములుగు జిల్లాలో చేరినది. బెల్లమునకు జిల్లా లేదు; ఇంటింట ముక్కముక్కగా పంచగా రెండు దినములలో హరించును. పంచి తినివేసినదానిని గూర్చి నొచ్చుకొనుటకు తావెక్కడిది? మా శంఖము పంచుటకు వీలుకానిది. ప్రతి ప్రాతఃకాలము పీఠముమీద కూర్చుండి నన్ను చూచుచుండెను. శంఖములో పోసినగాని తీర్థము కాదని సామెత. ఏ సముద్రపు శంఖమో సామెత చెప్పలేదని నాలో నేనే వ్యాఖ్యానించుకొంటిని. ఆ వ్యాఖ్యానము నాకే రుచింపలేదు.

2025 మే నెల 15 మొదలు 26 వరకు కాళేశ్వరమున సరస్వతీ పుష్కరములు జరిగినవి. భూపాలపల్లి జిల్లాలో గోదావరియు ప్రాణహితయు కలియుచోట సరస్వతి అంతర్వాహినియని మన విశ్వాసము. ఒకే పానవట్టమున రెండు లింగములు గల క్షేత్రమది. మేమును పోయితిమి. ఎండ మెండుగా నున్నది. స్నానమైన పిమ్మట నా భార్య సంచిలోనుండి శంఖమును తీసినది. దానితో అర్ఘ్యమియ్యవలెనని యింటికడనుండియే తెచ్చినదట. ఆ మెట్లమీద నేనిక నోరు మూసికొని యుండలేక పోయితిని. నదికి అబద్ధపు పాత్రతో నీరు పోయుట చూడలేకనో, పోసిన పిమ్మట ఎన్నటికిని చెప్పలేనని తోచియో, మడతల సంగతి, మెక్సికో సింధుశాఖ సంగతి అంతయు చెప్పివేసితిని.

ఆమె శంఖమును కొంతసేపు త్రిప్పి చూచినది. ఆమె యన్నకొడుకు హ్యూస్టనులో నున్నాడు.

“అయితే ఇది మా పిల్లగాడున్న దిక్కుదా?” యని యడిగినది.

“ఆ సముద్రమే,” అంటిని.

“వాడు పదేండ్ల సంది వస్త వస్త అని రాకపాయె. ఇదన్న వచ్చింది.”

నేను నవ్వితిని. ఆమె నవ్వలేదు. “మీకెప్పటి సంది ఎరుక?” అన్నది. దసరానుండి యని చెప్పితిని. ఆమె శంఖమును సంచిలో పెట్టి, దోసిటితో నీరెత్తి అర్ఘ్యమిచ్చినది. ఇరువదియైదు వేలు పోయినందుకు ఒక్క మాటయు ననలేదు. ఏడు మాసములు దాచినందుకు మాత్రము బస్సు భూపాలపల్లి దాటువరకు నాతో పలుకలేదు.

వచ్చునప్పుడు కాళేశ్వరపు అంగడిలో ఆమెయే బేరమాడి ఒక చిన్న శంఖమును, సామాన్యమైన చుట్టు గలదానిని కొన్నది. కొనుటకు ముందు దాని ముఖములో తానే వ్రేలు పెట్టి తడవి చూచినది. నన్నడుగలేదు.

అమెరికా శంఖమిప్పుడు నా పుస్తకముల బీరువాలో నున్నది. పెంబర్తి పీఠముమీద క్రొత్తది కూర్చున్నది. పీఠము దానికి కొంచెము పెద్దది, మరియొకటి చేయించెదనంటిని. అక్కరలేదని ఆమె పసుపుగుడ్డ నొకదానిని నాలుగు మడతలు వేసి క్రింద పెట్టి సరిచేసినది.