షరియా కావాలనడంలో ఎన్ని అర్థాలు

‘ముస్లింలు షరియా కావాలంటున్నారు’ అనే మాట టీవీ చర్చల్లో తరచూ వినిపిస్తుంది. ఏ ముస్లింలు, ఏ విషయంలో, ఎవరికి వర్తించాలని అడుగుతున్నారు అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వస్తుంది.

అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2013లో 39 దేశాలు, ప్రాంతాల ముస్లింల అభిప్రాయాలతో ఒక నివేదిక ఇచ్చింది. షరియా దేశ చట్టం కావాలన్నవారు ఆఫ్ఘనిస్తాన్‌లో 99 శాతం, పాకిస్తాన్‌లో 84, ఇండోనేషియాలో 72. టర్కీలో 12, అజర్‌బైజాన్‌లో 8 మాత్రమే. కావాలన్నవారిలోనూ చాలామంది అది ముస్లింలకే వర్తించాలన్నారు. పెళ్లి, ఆస్తి వంటి కుటుంబ వివాదాలకు దొరికిన మద్దతు కఠిన శిక్షలకు అంతగా దొరకలేదు.

ఆ నివేదికలో భారతదేశం లేదు. ఇక్కడ దాదాపు 30 వేల మందిని అడిగి అదే సంస్థ 2021లో మరో నివేదిక విడుదల చేసింది. కుటుంబ వివాదాలకు మత న్యాయస్థానాలు అందుబాటులో ఉండాలని 74 శాతం ముస్లింలు చెప్పారు. అదే సర్వేలో ట్రిపుల్ తలాఖ్ ఉండకూడదన్నవారు 56 శాతం. దాన్ని సమర్థించినవారు పురుషుల్లో 42 శాతం, స్త్రీలలో 32 శాతం.

ఈ అంకెలు ఒకదానికొకటి అడ్డం వస్తున్నట్టు కనిపిస్తాయి గానీ, రావు. కోర్టు ఖర్చు, ఏళ్ల తరబడి వాయిదాలు తెలిసిన పేద కుటుంబం దారుల్ ఖజా గడప తొక్కడానికి భక్తి ఒక్కటే కారణం కానక్కర్లేదు. ఖాజీ దగ్గరికి వెళ్లే మనిషే ఒక్క మాటతో పెళ్లి తెగిపోవడాన్ని వద్దనగలదు. ఆ తీర్పులకు చట్టబద్ధమైన బలం లేదనీ, ఎవరి మీదా రుద్దకూడదనీ సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది.

అసలు ఇప్పుడున్న చట్టం ఎలా వచ్చిందో చూడాలి. 1937 షరియత్ చట్టానికి ముందు చాలా ప్రాంతాల్లో ముస్లింల వారసత్వం స్థానిక ఆచారాల ప్రకారమే నడిచేది. ఆ ఆచారాలు చాలాచోట్ల ఆడపిల్లకు వాటా లేకుండా చేశాయి. షరియా ప్రకారం కొడుకు వాటాలో సగమైనా వస్తుంది కాబట్టి ముస్లిం మహిళా సంఘాలు ఆ చట్టాన్ని కోరాయి. కానీ సాగుభూమిని చట్టం నుంచి మినహాయించారు. భూమి ప్రావిన్సుల పరిధిలోది అన్నది చట్టపరమైన కారణం. పంజాబ్ భూస్వాముల అభ్యంతరం రాజకీయ కారణం. షరియా మీద అంత గౌరవమూ పొలం గట్టు దగ్గర ఆగిపోయిందన్నమాట! మద్రాసు రాష్ట్రం 1949లో ఈ మినహాయింపును తొలగించింది. అప్పటికి ఆంధ్ర జిల్లాలు అందులోనే ఉన్నాయి.

స్త్రీలలోనూ ఒకే గొంతు లేదు. 2007లో ఏర్పడిన భారతీయ ముస్లిం మహిళా ఆందోళన్ ఖురాన్ ఆధారంగానే ట్రిపుల్ తలాఖ్‌ను వ్యతిరేకించింది. బేబాక్ కలెక్టివ్ రాజ్యాంగ హక్కుల వైపు నుంచి మాట్లాడింది. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో ఆ పద్ధతిని కొట్టేసేదాకా ఇద్దరిదీ ఒకే పక్షం. 2019లో భర్తకు మూడేళ్ల వరకూ జైలు అనే చట్టం వచ్చేసరికి దారులు వేరయ్యాయి. ఆందోళన్ స్వాగతించింది, బేబాక్ వద్దంది. మనోవర్తి కట్టాల్సిన మనిషి జైల్లో ఉంటే ఇల్లు ఎలా గడుస్తుందన్న ప్రశ్నకు ఇప్పటికీ సరైన జవాబు రాలేదు.

మన పాఠకులకు దగ్గరి విషయం కులం. 1998లో పస్మాందా ముస్లిం మహాజ్‌ను స్థాపించిన అలీ అన్వర్ వంటివారు అడిగేది వేరే ప్రశ్న: షరియా తరఫున మాట్లాడే నాయకత్వం ఎవరిది? అష్రాఫ్ పెద్దలు పర్సనల్ లాను ముందుపెట్టి కూడు, చదువు, రిజర్వేషన్లను వెనక్కి నెట్టారన్నది వారి విమర్శ. హనఫీ ధర్మశాస్త్రంలో పెళ్లికి ‘కఫాఅత్’, అంటే సమానత, చూడాలంటారు. పాత శాస్త్రకారులు అందులో వంశాన్నీ వృత్తినీ కలిపారు. నేతపనివాడి కొడుకు సయ్యద్ ఇంటి అల్లుడు కాకుండా ఆపే వాదనకు మతం ముద్ర అక్కడే దొరుకుతుంది. మరోపక్క దళిత ముస్లింలకు ఎస్సీ హోదా నిరాకరిస్తున్నది షరియా కాదు, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో అందులో చేర్చారు. ముస్లింలు, క్రైస్తవులు బయటే ఉన్నారు.

ఇప్పుడు ఉమ్మడి పౌరస్మృతి చర్చ వచ్చింది. ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి నుంచి అది అమల్లో ఉంది, షెడ్యూల్డ్ తెగలకు మినహాయింపుతో. పర్సనల్ లాను మార్చాలనే ముస్లింలలోనూ చాలామంది దీన్ని అనుమానంగా చూస్తున్నారు. మార్పు కోరడం వేరు, ఆ మార్పును ఎవరి చేతుల్లో పెడుతున్నామన్నది వేరు.

1948 నవంబర్ 23న రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఈ రెండు వైపులూ మాట్లాడారు. షరియా ఎన్నడూ మారనిది, దేశమంతా ఒకటే అన్న వాదనను తోసిపుచ్చుతూ, వాయవ్య సరిహద్దు రాష్ట్రంలో 1935 వరకూ ముస్లింల వారసత్వం హిందూ చట్టం ప్రకారమే నడిచిందనీ, ఉత్తర మలబార్‌లో ముస్లింలు మరుమక్కతాయం పాటించారనీ గుర్తుచేశారు. అదే ప్రసంగంలో, ఉమ్మడి స్మృతిని మొదట ఇష్టపడి ఒప్పుకున్నవారికే వర్తింపజేసే వీలు భవిష్యత్ పార్లమెంటుకు ఉంటుందని కూడా చెప్పారు.