కత్తెరకు అందే ప్రేమ

పిల్లల కార్టూన్ సినిమాల్లో స్వలింగ ప్రేమికులు ఎప్పటినుంచి ఉన్నారంటే చాలామంది ఇటీవలి సినిమాల పేర్లే చెప్తారు. నేను 1989 దాకా వెనక్కి వెళ్తాను. ఆ ఏడాది వచ్చిన డిస్నీ వారి 'ద లిటిల్ మెర్మెయిడ్'లో సముద్ర మంత్రగత్తె ఉర్సులాను డివైన్‌ని చూసి గీశారు. డివైన్ ఆడవేషాలతో పేరుపొందిన అమెరికన్ నటుడు. ఆ అలంకరణ, ఆ దర్పం తెరనిండా ఉన్నాయి, కానీ దుష్టపాత్రగా. ఆమె లేకపోతే కథే లేదు. ఆ సినిమాకు పాటలు రాసిన హోవర్డ్ ఆష్మన్ స్వలింగ ప్రేమికుడే. 1991లో ఎయిడ్స్‌తో చనిపోయాడు.

మరి వీళ్ల ప్రేమ సంగతి? 2020లో అదే సంస్థ విడుదల చేసిన 'ఆన్‌వర్డ్'లో ఒక మహిళా పోలీసు తన ప్రియురాలి కూతురి గురించి ఒక్క మాట అంటుంది. రష్యన్ డబ్బింగులో ఆ 'ప్రియురాలు' కాస్తా 'భాగస్వామి' అయిపోయింది. 2022 నాటి 'లైట్‌ఇయర్'లో ఇద్దరు స్త్రీల ముద్దును ముందు తీసేశారు. స్టూడియో ఉద్యోగులు నిరసన తెలిపాకే తిరిగి చేర్చారు. ఆ ముద్దు కారణంగానే కొన్ని దేశాలు సినిమాను నిషేధించాయి.

భయపెట్టేటప్పుడు కథంతా, ప్రేమించేటప్పుడు ఒక్క వాక్యం! స్త్రీపాత్రల చరిత్ర చదివిన మనకు ఈ కొలత కొత్తదేమీ కాదు. అందుకే ఏ పాత్రను చూసినా నేను అడిగేది ఒకటే: దాన్ని తీసేస్తే కథ నిలుస్తుందా?