మధుర పాఠశాలల నుంచి పీళమేడు లేతుల దాకా

రాబర్టో ది నోబిలి అనే ఇటాలియన్ పాద్రీ 1610లో మధుర (మదురై) నుంచి రాసిన ఉత్తరం సంగతి తెలిశాక, ఆ ఊరంటే నాకు గౌరవం రెట్టింపయింది. అక్కడ 10,000 మందికి పైగా విద్యార్థులున్నారనీ, ఒక్కో గురువు దగ్గర 200, 300 మంది చదువుతున్నారనీ రాశాడాయన. విజయనగర ప్రభువులూ మన మధుర నాయకులూ ఇచ్చిన మాన్యాల మీదే గురువుల జీతాలు, పిల్లల తిండీ బట్టా నడిచేవి. బతుకు బెంగ ఉంటే చదువు సాగదని అంత ముందే గ్రహించారు.

అయితే ఆ చదువు బ్రాహ్మణులకే. మాన్యాలిచ్చిన నాయకులే బ్రాహ్మణులు కారు! ఆ రోజుల్లోనే శివధర్ముడనే తెలుగు బ్రాహ్మణుడు నోబిలికి సంస్కృతం నేర్పి, పరాయివాడి చెవిన పడకూడదన్న వేదాన్ని కూడా చెప్పాడు. ఆ తెగువకు నేను చేతులెత్తి మొక్కుతాను.

మధుర కథ మాన్యాల కాలానిదైతే, మా కోయంబత్తూరు కథ మిల్లుల కాలానిది. పీళమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడు గారి నలుగురు కొడుకులు 1926లో ఆస్తిని ఐదు వాటాలు వేసి, ఐదోది ధర్మానికి రాశారు. ఆ కుటుంబం పెట్టిన బడి పేరు సర్వజన, అంటే అందరిదీ.

ఇక మా ఊరి జి.డి. నాయుడు గారు. చిన్నప్పుడే బడి మానేసి, హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో మోటారు సైకిల్ కొని, దాన్ని విప్పి బిగించి యంత్రాల గుట్టు తెలుసుకున్న మనిషి. తాను విరాళమిచ్చిన ఆర్థర్ హోప్ ఇంజనీరింగ్ కాలేజీకి 1945లో తానే ప్రిన్సిపాల్. నాలుగేళ్ల కోర్సు కుర్రాళ్ల కాలం వృథా చేస్తోంది, రెండేళ్లు చాలునన్నారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు, రాజీనామా చేశారు. ఇప్పుడు ఇంటర్నెట్ చదువుల వేదికలైన ఎన్‌పీటెల్, స్వయంలలో వారాల్లో ముగిసే కోర్సులు చూస్తే ఆయన పంతమే నెగ్గిందనిపిస్తుంది.

ఎన్‌పీటెల్ 2003లో మొదలైంది, స్వయం 2017లో వచ్చింది. ఐఐటీ పాఠం ఎవరైనా ఉచితంగా వినొచ్చు. సర్టిఫికెట్ పరీక్షకు మాత్రం రుసుము కట్టాలి. మా వీధిలో ఒక కుర్రాడు మిల్లు షిఫ్టు దిగి వచ్చి, ఫోన్లో లోహాల కోత పాఠం వింటాడు. మాలాగే వాడి ఇంట్లోనూ తెలుగే, బడిలో చదివింది తమిళం. అందుకే ఇంగ్లీషు పాఠానికి తమిళ అనువాదం దొరికితే తప్ప వాడికి గట్టెక్కదు. తెలుగు అనువాదం ఉన్నా వాడికి ఆ అక్షరాలు రావు.

"మామా, వేగం ఎక్కువైతే టూలు పాడవుతుందంటున్నారు. ఎక్కువైందని ఎట్లా తెలుస్తుంది?" అన్నాడు.

నేను ముప్పై ఏళ్లు లేత్ పని నేర్పినవాణ్ని. తెలిసినవాళ్ల వర్క్‌షాపుకు తీసుకెళ్లి ఉక్కు కడ్డీ బిగించాను. తురుము నీలం తిరగ్గానే, వేగం ఎక్కువైన గుర్తు ఇదేనని మిషను ఆపాను. వేగం తగ్గించి మళ్లీ కోస్తే తురుము చుట్టలుగా తెల్లగా వచ్చింది. వాడి చేతిని పిడి మీద పెట్టించి, కోతలోని అదురు తెలిసేలా చేశాను. వాడు వారం రోజులు విన్న పాఠం అప్పుడు వాడికి అర్థమైంది.

మా ఊరి ధర్మ సంస్థలను నేను అడిగేది ఒక్కటే. సాయంత్రం రెండు గంటలు వర్క్‌షాపులు ఇలాంటి పిల్లలకు తెరవండి, పరీక్ష రుసుము మీరు కట్టండి. పక్కన నిలబడి నేర్పడానికి నాలాంటి రిటైరైన మేస్త్రీలు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. జీతం అడగం.