ఇంటి అలంకరణ చరిత్ర: రంగు, చేతిపని, సేకరణ

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- ఇంట్లోని వస్తువులను చారిత్రక ఆధారాలుగా గుర్తించగలుగుతారు.
- తెలుగు ప్రాంతపు అద్దకం, లేసు పనులకు, దూరదేశాల ఇళ్ల అలంకరణకు గల సంబంధాన్ని వివరించగలుగుతారు.
- ఏ సేకరణ ప్రదర్శనశాలకు చేరుతుంది, ఏది చేరదు అనే ప్రశ్నను చర్చించగలుగుతారు.

1. పరిచయం

పుస్తకాన్ని ఒక్క నిమిషం పక్కన పెట్టి మీరు కూర్చున్న గదిని చూడండి. గోడకు ఏ రంగు ఉంది? ద్వారబంధానికి ఏం వేలాడుతోంది? అద్దాల బీరువాలో ఏ బొమ్మలు, ఏ గిన్నెలు ఉన్నాయి? వాటిని ఎవరు తెచ్చారు, ఎవరు చేశారు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలవారు ఇంట్లో ఒకరో ఇద్దరో ఉంటారు. వారి తరువాత ఆ జవాబులు దొరకవు.

చరిత్ర అనగానే మనకు శాసనాలు, నాణేలు, కోటలు గుర్తుకు వస్తాయి. అవి రాళ్లమీద, లోహంమీద ఉన్నవి కాబట్టి నిలిచాయి. ఇంటి గోడ అలా కాదు. ఏటా అలుకుతారు, సున్నం వేస్తారు, చివరకు ఇల్లే పడగొట్టి కొత్తది కడతారు. అందువల్ల సామాన్యుల ఇంటి అలంకరణకు ఆధారాలు తక్కువ. ఉన్న ఆధారాలనైనా ఎలా చదవాలో తెలుసుకోవడమే ఈ భాగం ఉద్దేశం.

2. సాహిత్యంలో ఇల్లు

ఈ కొరతను కొంతవరకు తీర్చేది సాహిత్యం. కాకతీయుల కాలపు ఓరుగల్లును వర్ణించే 'క్రీడాభిరామం'లో మాచలదేవి ఇంటి చిత్రశాల ప్రస్తావన ఉంది. సంపన్నుల ఇళ్లలో బొమ్మలు గీయించుకునే అలవాటు ఉండేదని దీనివల్ల ఊహించవచ్చు. ఇటువంటి కావ్య వర్ణనల నుండి ప్రజల తిండి, బట్ట, ఆట, ఇల్లు గురించిన వివరాలను ఏరి కూర్చిన గ్రంథం సురవరం ప్రతాపరెడ్డి రచించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. రాజుల వంశావళి లేకుండా కూడా చరిత్ర రాయవచ్చని ఆ గ్రంథం తెలుగు పాఠకులకు చూపింది. అయితే ఒక జాగ్రత్త అవసరం. కవి వర్ణించే ఇల్లు సాధారణంగా సంపన్నుల ఇల్లు. పూరింటి గోడ ఎలా ఉండేదో కావ్యం ఎక్కువగా చెప్పదు.

3. రంగు: మచిలీపట్నం అద్దకం

పల్లెల్లో గోడకు సున్నం, అరుగుకు ఎర్రమన్ను లేదా జాజు, గడపకు పసుపు, వాకిట్లో ముగ్గు వాడటం మీరు చూసే ఉంటారు. ఈ రంగులన్నీ చుట్టుపక్కల దొరికే మన్ను, రాయి, మొక్కల నుండి వచ్చినవే. ఇదే పరిజ్ఞానం బట్టమీదికి వచ్చినప్పుడు ప్రపంచ వాణిజ్యాన్ని కదిలించింది.

కలంకారీ పనిలో ముందుగా బట్టను కరక్కాయ, గేదె పాలు కలిపిన ద్రవంలో నానబెడతారు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీటిలో ఊరబెట్టి నలుపు తయారుచేస్తారు. ఎరుపు నిలవడానికి పటిక వాడతారు. కృష్ణా తీరంలో దొరికే చిరువేరు ఇచ్చే ఎరుపు ఉతికినా వెలిసిపోదు. యూరప్ కొనుగోలుదారులను ఆకర్షించింది ముఖ్యంగా ఈ గుణమే. 17వ శతాబ్దం ఆరంభంలో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు మచిలీపట్నంలో వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. ఆ శతాబ్దంలోనే కోరమండల్ తీరపు అద్దకపు బట్టలు యూరప్ ఇళ్లలో మంచపు తెరలుగా, దుప్పట్లుగా, గోడ తెరలుగా చేరాయి.

దీనివల్ల అక్కడి నేతగాళ్లకు దెబ్బ తగిలింది. ఫ్రాన్స్ 1686లో అద్దకపు నూలు బట్టలను నిషేధించింది. ఆ నిషేధం 1759 వరకు సాగింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో మరింత కఠినమైన చట్టం చేసింది. రెండవ చట్టం ఒంటిమీది దుస్తులకే కాక, ఇంటి సామానులో ఈ బట్టలు వాడటానికి కూడా వర్తించింది. 1719లో లండన్ వీధుల్లో అద్దకపు బట్టలు కట్టుకున్న స్త్రీలపై నేతగాళ్లు దాడులు చేశారు. మంచానికి ఏ తెర కట్టుకోవాలన్నది ఇంటి ఇల్లాలి ఇష్టంగా కనిపిస్తుంది. కానీ దాని వెనుక ఒక దేశపు పనివారి జీవనోపాధి, మరొక దేశపు పార్లమెంటు చట్టం ఉన్నాయని గమనించండి.

19వ శతాబ్దంలో దిశ మారింది. చిరువేరులో ఎరుపునిచ్చే పదార్థం అలిజరిన్. దీనిని 1868లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో తయారుచేశారు. 1897 నుండి కృత్రిమ నీలిమందు మార్కెట్లోకి వచ్చింది. వేరు తవ్వి తెచ్చేవారి పనికి, నీలి పంటకు గిరాకీ పడిపోయింది. యంత్రాల మీద అచ్చువేసిన చవక బట్టలు అప్పటికే మన అంగళ్లకు చేరాయి.

4. చేతిపని: నరసాపురం లేసు

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం పరిసరాల్లో స్త్రీలు దారం, కొక్కెపు సూదితో లేసు అల్లుతారు. ఈ పని 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఇక్కడికి వచ్చింది. తరువాత అనేక కులాల స్త్రీల చేతుల్లో విస్తరించి, వ్యాపారుల ద్వారా విదేశాలకు ఎగుమతి అయింది. అక్కడి ఇళ్లలో బల్లమీద పరచిన తెల్లని గుడ్డ ఇక్కడి పంచలో కూర్చుని అల్లినది కావచ్చు.

సమాజ శాస్త్రవేత్త మారియా మీస్ ఈ లేసు పనివారిపై చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వెలువడింది. అందులో ఆమె ముఖ్యమైన విషయాన్ని ఎత్తి చూపారు. రోజులో చాలా గంటలు పనిచేస్తున్నా ఈ స్త్రీలను 'ఇంట్లో ఖాళీగా ఉండే గృహిణులు'గానే భావించారు. పనిని తీరిక వేళ కాలక్షేపం అన్నందువల్ల కూలి తక్కువగా ఉండిపోయింది. వారు చేసిన వస్తువు ఎగుమతి లెక్కల్లో చేరింది. వారు మాత్రం శ్రామికుల లెక్కల్లో చేరలేదు. 'చేతిపని' అనే మాట వినగానే మనకు అందం గుర్తుకు వస్తుంది. చరిత్ర విద్యార్థిగా మీరు కూలి ఎంత అని కూడా అడగాలి.

5. సేకరణ: కొలువు మెట్లు, దివాన్ దేవిడీ

కోస్తా జిల్లాల్లో సంక్రాంతికి, మరికొన్ని చోట్ల దసరాకు బొమ్మల కొలువు పెడతారు. పెట్టెలోంచి తీసి తుడిచి మెట్లమీద వరుసగా పేర్చే బొమ్మల్లో కొండపల్లి దశావతారాలు, ఏటికొప్పాక లక్క పిడతలు, మట్టి బొమ్మలు, తీర్థంలో కొన్న ప్లాస్టిక్ పిల్లి కూడా ఉంటాయి. కొండపల్లి బొమ్మను తేలికైన తెల్లపొణికి కర్రతో చేస్తారు. భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఏ బొమ్మ అమ్మమ్మది, ఏది పెళ్లికి వచ్చినది, ఏది ఎవరు విరగ్గొట్టారు అన్నది పేర్చేటప్పుడే పిల్లలకు చెబుతారు. ఆ మాటలే ఆ సేకరణకు జాబితా.

ఇప్పుడు మరొక సేకరణను చూడండి. హైదరాబాదులో సాలార్‌జంగ్ కుటుంబం మూడు తరాలుగా వస్తువులు కూడబెట్టింది. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన 'ముసుగు రెబెకా' పాలరాతి విగ్రహాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నారు. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ ఈ సేకరణను ఎంతో పెంచారు. ఆయన వారసులు లేకుండా 1949లో మరణించారు. 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ ఆయన నివాసమైన దివాన్ దేవిడీలోనే ఆ వస్తువులను ప్రదర్శనశాలగా ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం ద్వారా దానికి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ హోదా లభించింది. 1968లో అది మూసీ ఒడ్డున ఉన్న ప్రస్తుత భవనానికి మారింది.

రెండింటిలోనూ ఒక కుటుంబం ఇష్టపడి దాచుకున్నవే ఉన్నాయి. ఒకదానికి కాపలా, జాబితా, చట్టం దొరికాయి. రెండవది ఇల్లు మారినప్పుడు, అన్నదమ్ములు పంచుకున్నప్పుడు, పెద్దావిడ కన్నుమూసినప్పుడు చెదిరిపోతుంది. సాలార్‌జంగ్ సేకరణ ఒక ప్రభువు చేతికి ప్రపంచం నుండి ఏమేమి వచ్చాయో చెబుతుంది. కొలువు పెట్టె ఒక సామాన్య కుటుంబం ఏ తీర్థాలకు వెళ్లింది, ఏ చేతివృత్తుల వారి దగ్గర కొన్నది, ఎప్పుడు ప్లాస్టిక్ వైపు మళ్లింది అన్నది చెబుతుంది. రెండవ రకం సాక్ష్యం లేకపోతే మన సాంఘిక చరిత్రలో ఎక్కువమంది ఇళ్లు ఖాళీగా మిగిలిపోతాయి.

6. మీరు చేయవలసిన పని

మీ ఇంట్లో లేదా పొరుగింట్లో చేతితో చేసిన వస్తువులు మూడింటిని ఎంచుకోండి. ఒక్కొక్కదానికి ఐదు వివరాలు రాయండి: దేనితో చేశారు, ఎవరు చేశారు, ఎలా వచ్చింది, ఎక్కడ పెట్టేవారు, ఇప్పుడు దాని స్థానంలో ఏం వచ్చింది. చెప్పినవారి పేరు, తేదీ తప్పక రాయండి. తెలియని చోట ఊహించి నింపకండి, 'తెలియదు' అని రాయండి. ఈ పని వాయిదా వేయవద్దు. ఇంటి పెద్దలు చెప్పగలిగినప్పుడే అడగాలి.

7. సారాంశం

ఇంటి అలంకరణ వ్యక్తిగత అభిరుచి మాత్రమే కాదు. గోడ తెర వెనుక వాణిజ్యం, లేసు వెనుక లెక్కకు రాని శ్రమ, బీరువా వెనుక కుటుంబ జ్ఞాపకం ఉంటాయి. ప్రభువుల సేకరణలను ప్రభుత్వం కాపాడింది. సామాన్యుల సేకరణలను కాపాడవలసింది వాటి మధ్య పెరిగినవారే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. 1721 నాటి ఇంగ్లండు చట్టానికి, కోరమండల్ అద్దకానికి గల సంబంధం ఏమిటి?
2. లేసు పనివారిని శ్రామికులుగా గుర్తించకపోవడం వల్ల కలిగిన ఫలితాన్ని తెలపండి.
3. బొమ్మల కొలువును, సాలార్‌జంగ్ సేకరణను చారిత్రక ఆధారాలుగా పోల్చండి.